పారాథైరాయిడ్ గ్రంథుల వ్యాధులు - పంచాయతీల కర్తవ్యము

(శ్రీకాకుళము, విజయనగరము జిల్లాల పంచాయతీ సభ్యుల శిక్షణ తరగతిలో ఒక వైద్యుడు చేసిన ప్రసంగ పాఠము)



నేడు నన్ను మాట్లాడుమని కోరిన విషయము మీలో పలువురకు క్రొత్తగా తోచవచ్చును. మలేరియా, క్షయ, మధుమేహము అన్న పేర్లు మనకు ఎరుకే. పారాథైరాయిడ్ అన్న పేరు మన రచ్చబండల మీద వినబడదు. అంతమాత్రమున ఆ వ్యాధి మన ఊళ్లలో లేదనుకొనుట పొరపాటు. అది వేరు పేర్లతో తిరుగుచున్నది. "ఎముకలు పీకుచున్నవి", "కూర్చుంటే లేవలేకున్నాను", "ఒళ్లంతా దురద", "రాత్రులు పిక్కలు పట్టుచున్నవి" అని మనవారు చెప్పుకొను బాధలలో కొన్నింటి వెనుక ఈ గ్రంథులున్నవి. ఆ బాధలకు మనవారు సాధారణముగ చేయునది ఒక్కటే. నొప్పి మాత్ర కొనుట, మ్రింగుట, మరల పనికి పోవుట. ఆ మాత్రయే కొందరి ప్రాణములకు ముప్పు తెచ్చుచున్నది. ఈ ఒక్క మాట మీ మనస్సులలో నాటుకొన్నచో నా ప్రసంగము సఫలమైనట్లే.

గ్రంథుల సంగతి

మన మెడ ముందు భాగమున, గొంతు ముడికి దిగువగా, సీతాకోకచిలుక ఆకారములో థైరాయిడ్ గ్రంథి యున్నది. దాని వెనుక అంటిపెట్టుకొని, సాధారణముగ నాలుగు చిన్న గ్రంథులుండును. ఒక్కొక్కటి బియ్యపు గింజంత. నాలుగింటిని కలిపి తూచినను అర గ్రాము తూగవు. ఇవియే పారాథైరాయిడ్ గ్రంథులు. థైరాయిడ్ పక్కన ఉండుటచే ఆ పేరు వచ్చినది గాని, ఆ గ్రంథి పనికిని వీని పనికిని సంబంధము లేదు. థైరాయిడ్ పరీక్ష బాగున్నదని చెప్పినంత మాత్రమున ఈ గ్రంథులు బాగున్నవని అర్థము కాదు.

వీనిని మొదట కనుగొన్నది మనిషిలో కాదు, మన భారతదేశపు ఖడ్గమృగములో. లండను జంతుశాలలో నున్న ఆ మృగము 1849లో చనిపోగా, రిచర్డ్ ఓవెన్ అను శాస్త్రజ్ఞుడు దానిని కోసి పరిశీలించి మెడలో ఈ చిన్న గ్రంథిని చూచెను. మనుష్యులలో వీనిని గుర్తించి వర్ణించినవాడు స్వీడను దేశములోని ఉప్సాలాకు చెందిన ఇవార్ సాండ్‌స్ట్రోమ్ అను వైద్య విద్యార్థి. అది 1880వ సంవత్సరము. ఆనాడు పెద్దలు దానిని అంతగా పట్టించుకొనలేదు.

వాని పని ఏమి?

మన దేహములో సుమారు ఒక కిలో కాల్షియము ఉండును. అందులో నూటికి 99 పాళ్లు ఎముకలలోను, దంతములలోను ఉన్నది. మిగిలిన కొద్దిపాటి కాల్షియమే రక్తములోను, కండలలోను తిరుగుచు గుండె కొట్టుకొనుటకు, కండరములు ముడుచుకొనుటకు, నరములు పనిచేయుటకు ఆధారమగుచున్నది. 100 మిల్లీలీటర్ల రక్తములో సుమారు 8.5 నుండి 10.5 మిల్లీగ్రాముల వరకు కాల్షియము ఉండవలెను. అంతకు తగ్గినను ముప్పే, మించినను ముప్పే.

వ్యవసాయదారులైన మీకు ఒక పోలిక చెప్పెదను. ఎముకలు చెఱువు వంటివి. రక్తము కాలువ వంటిది. పారాథైరాయిడ్ గ్రంథి మదుము వద్ద నిలిచిన లస్కరు వంటిది. కాలువలో నీరు తగ్గగానే లస్కరు మదుము ఎత్తును. కాలువ నిండగానే దించును. అట్లే రక్తములో కాల్షియము తగ్గగానే ఈ గ్రంథులు ఒక హార్మోనును విడుదల చేయును. ఆ హార్మోను మూడు పనులు చేయును. ఎముకలనుండి కాల్షియమును రక్తములోనికి తెచ్చును. మూత్రములో కాల్షియము వృథాగా పోకుండ మూత్రపిండములచే పట్టించి, భాస్వరమును, అనగా ఫాస్ఫరస్‌ను బయటికి పంపించును. మూడవది, విటమిన్ డిని పనికివచ్చు రూపములోనికి మార్చవలసినదిగా మూత్రపిండములను ప్రేరేపించును. ఆ విటమిను వలన మనము తిన్న తిండిలోని కాల్షియము ప్రేగులనుండి రక్తమునకు చేరును.

ఈ మూడు పనులలో రెండింటికి మూత్రపిండములే సాధనములని గమనింపుడు. ఆ సంగతితో మరల పని యున్నది.

లస్కరు తానే చెడినపుడు

మొదటి రకము వ్యాధిలో నాలుగు గ్రంథులలో ఏదో ఒకటి, సాధారణముగ, కారణము లేకయే పెరిగి కంతి యగును. ఇది కాన్సరు కాదు. కాన్సరగుట మిక్కిలి అరుదు. కాని ఆ కంతి ఎవరి మాట వినదు. కాలువ పొంగుచున్నను మదుము దించని లస్కరు వలె, రక్తములో కాల్షియము అధికముగ నున్నను హార్మోనును విడుదల చేయుచునే యుండును. చెఱువు ఎండును, కాలువ గట్లు తెగును. అనగా ఎముకలు గుల్లబారి చిన్న దెబ్బకే విరుగును. మూత్రపిండములలో రాళ్లు ఏర్పడును. మలబద్ధము, కడుపు నొప్పి, అతిదాహము, అలసట, మనస్సు క్రుంగిపోవుట కలుగును. పురుషులకన్న స్త్రీలలో ఇది ఎక్కువ. పాశ్చాత్య దేశములలో మామూలు రక్తపరీక్షలోనే ఇది తొలిదశలో బయటపడుచుండగా, మన దేశములో ఎముకలు విరిగి, రాళ్లు పడిన తరువాత గాని రోగులు ఆసుపత్రికి చేరుట లేదు.

కావున మాటిమాటికి మూత్రపిండములలో రాళ్లు పడువారు, చిన్న వయస్సులోనే చిన్న దెబ్బకు ఎముక విరిగినవారు, రాయి తీయించుకొని, కట్టు కట్టించుకొని ఊరకుండరాదు. రక్తములో కాల్షియమెంత అని వైద్యుని అడుగవలెను. అది అధికముగ నున్నచో పారాథైరాయిడ్ హార్మోను పరీక్ష చేయింపవలెను. 1963 వరకు ఈ హార్మోనును రక్తములో కొలుచు ఉపాయమే లేకుండెను. నేడు నగరములలోని ప్రయోగశాలలలో అది సాధారణ పరీక్ష.

ఈ రకమునకు శస్త్రచికిత్సయే అసలైన మందు. దాని చరిత్ర కొంచెము వినదగినది. 1925లో వియన్నా నగరములో ట్రాము బండిపై పనిచేయు ఒక కార్మికుడు ఎముకలు గుల్లబారి మంచము పట్టెను. గ్రంథుల బలము చాలక ఎముకలు చెడినవని ఆనాటి అభిప్రాయము. కనుక ఫెలిక్స్ మాండ్ల్ అను శస్త్రవైద్యుడు మొదట అతనికి గ్రంథి సారమును ఇచ్చి చూచెను. గుణము కనబడలేదు. పిమ్మట మెడ తెరచి పెరిగిన గ్రంథిని తీసివేసెను. ఎముకల నొప్పి తగ్గి, ఆ కార్మికుడు లేచి నడచెను. కొన్ని ఏండ్లకు వ్యాధి తిరుగబెట్టినను, గ్రంథి ఎముకను తినగలదని ఆనాడు లోకమునకు తెలిసినది. మరియొక సంగతి. అమెరికాలో మార్టెల్ అను నౌకా కెప్టెనుకు మెడలో ఎన్నిసార్లు కోసినను కంతి కనబడలేదు. 1932లో ఏడవ శస్త్రచికిత్సలో అది ఛాతీలో దొరికినది. ఈ గ్రంథులు కొందరిలో స్థానము తప్పి యుండును. అందుచే నేడు ముందుగ స్కానులతో గ్రంథి యెక్కడున్నదో చూచి, ఈ పనిలో అనుభవము గల శస్త్రవైద్యునిచే చేయింతురు. అట్టివారి చేతిలో నూటికి 95 మందికి పైగా గుణము కలుగును.

ఉద్దానములో జరుగుచున్నది

ఇక మన ఇంటి సంగతికి వత్తము. ఇచ్ఛాపురము, కవిటి, కంచిలి, సోంపేట, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలములను మనము ఉద్దానమని పిలుచుకొందుము. కొబ్బరి, జీడి, పనస తోటలతో నిండిన ఈ పచ్చని నేలలో మూత్రపిండముల వ్యాధి ఇంటింటి దుఃఖమైనది. 2019లో ప్రకటితమైన ఒక పరిశీలనలో 2,210 మందిని పరీక్షింపగా నూటికి సుమారు 18 మందిలో ఈ వ్యాధి కనబడినది. వారిలో అధికసంఖ్యాకులకు మధుమేహము, రక్తపోటు వంటి తెలిసిన కారణములు లేవు. నీటిని, నేలను, పురుగు మందులను, ఎండలో చెమటోడ్చు శ్రమను శాస్త్రజ్ఞులు పరిశీలించుచునే యున్నారు. ఇదియే కారణమని ఒక్కదానిని ఇంకను నిర్ధారింపలేదు. ఒక్క మాట మాత్రము నిశ్చయము. ఇది అంటువ్యాధి కాదు. రోగి యున్న ఇంటితో వియ్యమందుటకు జంకవలసిన పని లేదు.

మూత్రపిండములు చెడినపుడు పారాథైరాయిడ్ గ్రంథులకు ఏమగును? భాస్వరము బయటికి పోక రక్తములో నిలిచిపోవును. విటమిన్ డి పనికివచ్చు రూపము పొందదు. తిన్న కాల్షియము ఒంటబట్టదు. కాలువలో నీరు నిత్యము తక్కువే. లస్కరు తప్పేమియు లేదు. అతడు నమ్మకస్థుడు. నీరు తగ్గినదని మదుము ఎత్తుచునే యుండును. నెలలు, ఏండ్లు గడచునప్పటికి నాలుగు గ్రంథులును పెరిగి, ఎముకలనే చెఱువును అడుగంటించును. ఇది రెండవ రకము వ్యాధి. ఉద్దానములో మనము భయపడవలసినది దీని కొఱకే. ఇది ఉద్దానమునకే పరిమితము కాదు. మధుమేహము వలన, రక్తపోటు వలన మూత్రపిండములు చెడిన వారెవరికైనను, విజయనగరములో నున్నను, పార్వతీపురములో నున్నను, ఇదే గతి పట్టవచ్చును.

ఒక తల్లిని ఊహించుకొందము. పలాస దగ్గర జీడిపిక్కలు ఒలిచి బ్రదుకుచున్నది. పీట మీద గంటల తరబడి కూర్చుండు పని. నడుము నొప్పి, మోకాళ్ల నొప్పి వచ్చినవి. పని వలన వచ్చిన నొప్పియే అనుకొన్నది. కిళ్లీ కొట్టులోనో, మందుల దుకాణములోనో నొప్పి మాత్ర కొన్నది. ఆ మాత్ర ఒక పూట నొప్పిని దాచినది. కాని డైక్లోఫినాక్, ఐబూప్రొఫెన్ వంటి మాత్రలు మూత్రపిండములకు రక్తము అందుటను తగ్గించును. అప్పటికే సగము చెడిన మూత్రపిండములు మరింత చెడినవి. అందువలన భాస్వరము ఇంకను పెరిగినది, గ్రంథులు ఇంకను రేగినవి, ఎముకల నొప్పి ఇంకను హెచ్చినది. నొప్పి హెచ్చినది గనుక మాత్రలు హెచ్చినవి. ఈ గిర్రున ఆ తల్లి తిరుగుచునే యుండును, డయాలసిస్ మంచము మీద పరుండు వరకు. ఆమెకు మొదటి నాడే క్రియాటినిన్ పరీక్ష చేయించి యుండినచో కథ వేరుగ నుండెడిది. గోటితో పోవుదానిని గొడ్డలి దాక తెచ్చుకొనుట యన్న ఇదియే.

మరియొక చిక్కు కలదు. ఉద్దానపు మూత్రపిండ వ్యాధిలో తొలి దినములలో ఒళ్లు వాయదు, మూత్రములో మాంసకృత్తులు పెద్దగా పోవు, రక్తపోటు కూడ అధికముగ ఉండకపోవచ్చును. బాధ తెలియునప్పటికే వ్యాధి ముదురును. కనుక "నాకేమియు లేదు" అన్నవారికే పరీక్ష ముఖ్యము.

అయితే వంగిన ప్రతి నడుమునకు, నొచ్చిన ప్రతి ఎముకకు ఈ గ్రంథులే కారణమని నేను చెప్పుట లేదు. క్షయ వలన, విటమిన్ డి లోపము వలన, నీటిలోని ఫ్లోరైడు వలన కూడ ఎముకలు చెడును. ఫ్లోరైడు వ్యాధిని మన దేశములో మొదట వర్ణించినది 1937లో, ఆనాటి నెల్లూరు జిల్లా గ్రామములలోనే. కారణము వేరైనపుడు మందును వేరగును. పరీక్ష లేని చికిత్స చీకటిలో బాణము వంటిది.

చికిత్స, ఆహారము

రెండవ రకములో మొదటి చికిత్స గ్రంథులకు కాదు, వానిని రేపిన కారణములకు. భాస్వరమును తగ్గింపవలెను. వైద్యుడు ఇచ్చు భాస్వరమును పట్టు మాత్రలు అన్నముతో పాటు మ్రింగవలెను. అవి ప్రేగులలో తిండియందలి భాస్వరమును పట్టి బయటికి పంపును. కడుపు ఖాళీగా నున్నపుడు మ్రింగినచో ఆ పని జరుగదు. ఈ చిన్న మాట తెలియక ఎందరో ఖరీదైన మాత్రలను వృథా చేయుచున్నారు. అవసరమైనవారికి విటమిన్ డిని, దాని పనికివచ్చు రూపమైన కాల్సిట్రియాలును ఇత్తురు. గ్రంథిని శాంతింపజేయు సినకాల్సెట్ అను మాత్రయు కలదు. డయాలసిస్ తప్పకుండ, నిర్ణయించినంత సేపు చేయించుకొనవలెను. ఇన్ని చేసినను గ్రంథులు లొంగనపుడు శస్త్రచికిత్సతో వానిని చాలవరకు తీసివేయుదురు. ఆ తరువాత ఆకలిగొన్న ఎముకలు రక్తములోని కాల్షియమునంతటిని పీల్చుకొనును. కనుక కొన్ని వారములు కాల్షియము జాగ్రత్తగా ఇచ్చుచు తరచు పరీక్షించుట అవసరము.

డయాలసిస్ చేయించుకొనువారికి రక్తములో కాల్షియము, భాస్వరము ఒకటి మొదలు మూడు నెలలకొకసారియు, పారాథైరాయిడ్ హార్మోను మూడు మొదలు ఆరు నెలలకొకసారియు చూచుట మంచి పద్ధతి. మీ ఊరి రోగి చీటీలో ఈ మూడు అంకెలు ఉన్నవా అని అడుగుడు. అడుగుటకు పెద్ద చదువు అక్కరలేదు.

ఆహార విషయములో ఒక జాగ్రత్త. ఆరోగ్యవంతునికి మన చోడి అంబలి అమృతము. 100 గ్రాముల చోళ్లలో 300 మిల్లీగ్రాములకు పైగా కాల్షియము కలదు. పిల్లలకు, గర్భిణులకు, వృద్ధులకు పెట్టుడు. పాలు, మజ్జిగ, ఆకుకూరలు, కొంతసేపు ఎండ తగులుట వారికి మేలు. కాని మూత్రపిండములు చెడినవారి లెక్క వేరు. మన తోటలో పండిన జీడిపప్పులో భాస్వరము మెండు. మన చెట్టు కొబ్బరినీటిలో పొటాషియము మెండు. మూత్రపిండములు పనిచేయనివానికి అది గుండెను ఆపగలదు. డబ్బాలలోను, పొట్లములలోను అమ్ము నిల్వ తినుబండారములకు, నల్లని శీతల పానీయములకు భాస్వరము కలిపియుందురు. అది పప్పులో నున్న భాస్వరము కంటె త్వరగా ఒంటబట్టును. ఎండుచేపలో ఉప్పును, భాస్వరమును రెండును హెచ్చు. రోగిని చూడబోవునపుడు ప్రేమతో కొబ్బరిబోండము పట్టుకొని పోవు ఆచారమును ఈ ఇండ్ల విషయములో మానుకొనుడు. ఏది తినవలెనో, ఎంత తినవలెనో వైద్యుడే చెప్పవలెను.

ఇట్లే బలమునకని 6 లక్షల యూనిట్ల విటమిన్ డి సూదిమందు పరీక్ష లేకుండ మరల మరల వేయించుకొనుట ప్రమాదము. అది దేహములో నెలల తరబడి నిలిచి కాల్షియమును విషము వలె పెంచును, మూత్రపిండములను చెరచును.

లస్కరు లేనపుడు

మూడవ రకము దీనికి విరుద్ధము. థైరాయిడ్ కంతికి శస్త్రచికిత్స జరిగినపుడు, ఈ గింజలంత గ్రంథులు ఒక్కొక్కమారు దెబ్బతినును, లేక దానితో పాటు పోవును. అపుడు కాల్షియము పడిపోవును. పెదవుల చుట్టును, వ్రేళ్ల చివరలను తిమ్మిరి యెక్కును. చేతివ్రేళ్లు కొంకరలు పోవును. కొందరికి మూర్ఛ వచ్చును. గొంతు బిగిసి ఊపిరాడకపోవచ్చును. గ్రంథుల లోపము ఏండ్ల తరబడి తెలియనిచో కండ్లలో చిన్న వయస్సుననే శుక్లము పెరుగును. కొందరికి శస్త్రచికిత్స జరుగకయే, దేహములోని లోపము వలన ఈ గ్రంథులు పనిచేయకపోవచ్చును. వారిని గాలి సోకినదనియు, దయ్యము పట్టినదనియు భూతవైద్యుల చుట్టు త్రిప్పువారున్నారు. మూర్ఛ వచ్చినవానికి రక్తములో కాల్షియము చూడుమని అడుగుట పాపము కాదు. వ్యాధి ఇదియే యైనచో కాల్షియమును, కాల్సిట్రియాలును జీవితాంతము వాడుచు, వేళకు పరీక్ష చేయించుకొనుచు సుఖముగ బ్రతుకవచ్చును. బాగున్నదని మధ్యలో మాత్రలు మానరాదు. మెడకు శస్త్రచికిత్స జరిగి ఇంటికి వచ్చినవారికి తిమ్మిరి, కొంకరలు కనబడినచో తెల్లవారువరకు ఆగక ఆసుపత్రికి చేర్పవలెను.

పంచాయతీలు చేయదగినవి

ప్రభుత్వము కొంత చేసినది. పలాసలో 200 పడకల మూత్రపిండ వ్యాధుల ఆసుపత్రియు, పరిశోధన కేంద్రమును 2023 డిసెంబరు 14న ప్రారంభమైనవి. హిరమండలము జలాశయమునుండి ఉద్దానమునకు మంచినీరు తెచ్చు పథకమును అదే దినమున ప్రారంభించిరి. విజయనగరములో ప్రభుత్వ వైద్య కళాశాల 2023లోనే మొదలైనది. విశాఖపట్టణములోని కింగ్ జార్జి ఆసుపత్రిలో మూత్రపిండములకును, హార్మోను గ్రంథులకును వేర్వేరు వైద్యవిభాగములున్నవి. పేదలకు ఎన్.టి.ఆర్. వైద్య సేవ పథకము కలదు. కాని ఇల్లు అలుకగానే పండుగ కాదు. ఆసుపత్రి గుమ్మము వరకు రోగిని నడిపించునది ఊరే. అందుకు పంచాయతీ చేయదగిన పనులు కొన్ని చెప్పెదను.

మొదటిది, నొప్పి మాత్రల కట్టడి. కిళ్లీ కొట్లలో, కిరాణా దుకాణములలో నొప్పి మాత్రలు అమ్మరాదని గ్రామసభలో తీర్మానింపుడు. ఊరిలో వైద్యము చేయువారిని పిలిచి, క్రియాటినిన్ చూడక నొప్పి సూదులు వేయవలదని మర్యాదగా చెప్పుడు. వారిని అవమానించిన పని కాదు. వారిని మన వైపు త్రిప్పుకొన్న పని యగును.

రెండవది, పరీక్ష. ఆశా కార్యకర్త, ఏ.ఎన్.ఎం. సహాయముతో ఎముకల నొప్పులు గలవారిని, మాటిమాటికి రాళ్లు పడువారిని, మధుమేహము, రక్తపోటు గలవారిని, ఇంటిలో మూత్రపిండ రోగి యున్నవారిని గుర్తించి, ప్రాథమిక ఆరోగ్య కేంద్రములో రక్త, మూత్ర పరీక్షలకు పంపుడు. ఆ జాబితా ఏ.ఎన్.ఎం. వద్దనే ఉండవలెను. పంచాయతీ గోడ మీద అంటింపరాదు. ఒకరి రోగము ఊరి కబురు కారాదు.

మూడవది, నీరు, నీడ. మంచినీటి కుళాయిలు పనిచేయుచున్నవో లేవో వారమునకొకసారి సభ్యులే స్వయముగ చూడుడు. నీటి నమూనాలను పరీక్షకు పంపుడు. ఉపాధి పనుల చోట త్రాగునీరు, నీడ ఉండి తీరవలెను. వేసవిలో పని తెల్లవారుజామున మొదలుపెట్టి ఎండ ముదురకముందే ముగించుట మేలు.

నాలుగవది, ప్రయాణము. డయాలసిస్ రోగి వారమునకు రెండు మూడు సార్లు పలాసకో, సోంపేటకో, టెక్కలికో, శ్రీకాకుళమునకో పోయి రావలెను. ఒక్కొక్కరు వేరు ఆటో కట్టించుకొనుటకు బదులు, పక్క పక్క ఊళ్ల రోగులు ఒకే బండిలో పోవు ఏర్పాటును రెండు మూడు పంచాయతీలు కలసి చేయవచ్చును. రోగికి రావలసిన పింఛను కాగితములు సరిగా పంపుట కూడ సభ్యుని పనియే.

ఐదవది, తుపాను. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఉద్దానపు తోటలను నేలకూల్చిన సంగతి మీరు మరువలేదు. చెట్లు పడి దారులు మూసుకొనిపోయినపుడు ఆరోగ్యవంతుడు నాలుగు దినములు ఓర్చుకొనగలడు. డయాలసిస్ రోగి ఓర్చుకొనలేడు. తుపాను వార్త వినగానే అట్టివారిని ముందుగనే ఆసుపత్రి యున్న ఊరికి చేర్చుట పంచాయతీ తుపాను ఏర్పాట్లలో మొదటి అంశము కావలెను.

సోదరులారా, నేను మీకు నేర్పినది పెద్ద శాస్త్రము కాదు. మెడలో నాలుగు గింజలంత గ్రంథులున్నవి. అవి ఎముకలను, రక్తమును కాపాడును. అవి చెడినచో, వానిని నడిపించు మూత్రపిండములు చెడినచో, ఎముక నొచ్చును. ఆ నొప్పి ఒక కబురు. కబురు తెచ్చినవాని నోరు మాత్రతో మూయక, ఏమి కబురు తెచ్చినావని రక్తపరీక్షతో అడుగుట వివేకము.

మీరు ఇంటికి పోయిన తరువాత ఒక్క పని చేయుడు. మీ వార్డులో ఎముకల నొప్పులతో మంచమునకు అంటిన మనిషి ఎవరో ఒకరుందురు. ఆమె తలదిండు క్రింద నున్న మాత్రల పొట్లము చూడుడు. ఆ పేరు వ్రాసికొని, ఆ మనిషిని వెంటబెట్టుకొని, రేపు ఉదయము ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు పొండు. మీ పంచాయతీ ఆరోగ్య కార్యక్రమము అక్కడ మొదలగును.